కుడి చెవి ఆయనది

నేను ఎనిమిదో తరగతిలో చదువు ఆపేశాను. ఆపేశాను అనడం నా పరువు కోసం. నిజానికి చదువే నాకో దణ్ణం పెట్టి వెళ్లిపోయింది. మా ఆవిడ సుజాత ఇప్పటికీ అంటుంది: "దెయ్యం పట్టాలన్నా లోపల కాస్త సరుకుండాలండీ. మీ తలకాయలో దిగితే దాని గొంతు దానికే తిరిగి వినపడి, అదే జడుసుకుని పోతుంది."

కాబట్టి ముందే చెబుతున్నాను. దెయ్యాలు, ఆత్మలు, గాలీ ధూళీ, వీటిని నేను ఏనాడూ నమ్మలేదు. ఇప్పుడు నమ్ముతున్నానని చెప్పుకోవడానికి కూడా ఇది రాయడం లేదు. జరిగింది జరిగినట్టు పెడతాను. మీకేమైనా అర్థమైతే మీ దగ్గర నేర్చుకుంటాను. ఆ అలవాటు బడిలో లేకపోయినా ఇప్పుడు వచ్చింది.

బందరులో నాకో చిన్న కొట్టు ఉంది. ఫోన్లు బాగుచేస్తాను, స్పీకర్లూ ఇయర్‌ఫోన్లూ అమ్ముతాను. అసలు పిచ్చి మాత్రం పోల్చడం. ఇన్-ఇయర్ మానిటర్లని ఉంటాయి, పాటగాళ్లు స్టేజీ మీద పెట్టుకునేవి. చెవిలోకి బిగుతుగా దిగి, బయటి గోల ఆపి, తాళమూ పాటా నేరుగా చెవిలో వినిపిస్తాయి. రెండు రకాలు పక్కన పెట్టుకుని, ఒకే ప్లేయరు మీద, ఒకే పాట, దీంట్లో కాసేపు దాంట్లో కాసేపు వింటాను. సౌండు రెండింట్లో సమానంగా పెట్టాలి. లేకపోతే ఏది గట్టిగా మోగితే అదే గొప్పగా అనిపిస్తుంది, మనుషుల్లో లాగానే. గుడివాడ నుంచి కూడా చర్చి బ్యాండ్ల వాళ్లు వచ్చి, "అన్నా, రెండిట్లో ఏది తీసుకోమంటావ్?" అని అడుగుతారు. చదువు దగ్గర పోయిన మర్యాద చెవుల దగ్గర కొంత వచ్చింది.

ఇక మావయ్య సంగతి. సుజాత వాళ్ల నాన్నగారు, పేరు దానియేలు. మోపిదేవి దాటాక కాలవ పక్కన వాళ్ల ఊరు. వయసులో ఉండగా గిలకలదిండి రేవు బోట్ల మీద చేపల వేటకి వెళ్లేవాడు. మోకాళ్లు మొరాయించాక ఇంటిపట్టునే ఉన్నాడు. వయసులో ఉన్నప్పటి నుంచీ ఆదివారాలు చర్చిలో పాటలు అందించేవాడు.

అందించడం అంటే ఏమిటో తెలియనివాళ్లకి చెప్పాలి. మా పల్లె చర్చిల్లో పెద్దవాళ్లలో చాలామందికి అక్షరాలు రావు. చదవగలిగిన ఒకరు పాటల పుస్తకం పట్టుకుని నిలబడతారు. జనం ఒక లైను పాడి ఊపిరి తీసుకునే ఆ కాస్త సందులో, తర్వాతి లైను మామూలు మాటలా చెప్పేస్తారు. జనం దాన్ని అందుకుని పాడతారు. ముందు చెబితే కలగాపులగం, ఆలస్యంగా చెబితే పాట ఆగిపోతుంది. ఆ సందు దొరకబుచ్చుకోవడంలోనే ఉంది పనితనమంతా.

మా అత్తయ్య కరుణమ్మకి చదువు రాదు. గొంతు మాత్రం చల్లటి మజ్జిగ లాంటి గొంతు. ఆడవాళ్లొక వైపూ మగవాళ్లొక వైపూ కూర్చునే చర్చిలో, ఆవిడ పాడే రోజు మాత్రం ఇద్దరూ ముందుకొచ్చి పక్కపక్కన నిలబడేవారు. ఆయన ఆవిడ కుడి చెవి దగ్గరికి వంగి లైను అందించేవాడు. ఆవిడ తల అటు కాస్త వంచి, అందుకుని పాడేది. పెళ్లయిన కొత్తలో మొదలైన పద్ధతి అది. ఆవిడకి రాగాలన్నీ వచ్చు. మాటలు మాత్రం ఆయన దగ్గర దాచుకుంది.

నిరుడు వర్షాకాలంలో జ్వరం వచ్చి మావయ్య పోయాడు. అత్తయ్య పాట ఆగిపోయింది.

చర్చిలోనే కాదు, ఇంట్లోనూ. బియ్యం ఏరుతున్నా, పూలు కడుతున్నా ఏదో ఒకటి కూనిరాగం తీసే మనిషి, నోరు కుట్టేసుకున్నట్టు ఉండిపోయింది. సుజాత ఒక ఆదివారం పక్కన నిలబడి అందించబోయింది. అత్తయ్య రెండు మాటలు పాడి ఆపేసి, "నువ్వక్కడ నిలబడకమ్మా" అంది. ఆ చోట ఎవరు నిలబడినా, ఆయన కాదన్న సంగతే ముందు కనపడుతోంది ఆవిడకి.

ఏడాది తిరిగాక మావయ్య జ్ఞాపకార్థ ప్రార్థన కూటం పెట్టుకున్నాం. గాలివానని సద్దుమణిగించిన ప్రభువు మీద ఒక పాట ఉంది, మావయ్యకి ప్రాణం. అది పాడాలని అత్తయ్య కోరిక. పాడలేనేమోనని భయం. "ఆయన కోసం ఆ ఒక్కటీ పాడలేకపోతే ఇంక నాకు పాటెందుకే" అని సుజాత దగ్గర అందట. సుజాత ఆ మాట నాకు చెప్పింది.

అప్పుడు తట్టింది నాకు. స్టేజీ మీద పాటగాళ్ల చెవిలో ఇన్-ఇయర్లు చేసే పని ఇదే కదా! పక్కన ఎవరూ నిలబడక్కర్లేదు. లైన్లు రికార్డు చేసి, సందులు వదిలి, చెవిలో వినిపిస్తే సరి.

నా గొంతుతో రికార్డు చేస్తానన్నాను. అత్తయ్య చేతులు జోడించింది. "నీ గొంతొద్దయ్యా. ప్రార్థనలో నవ్వొస్తుంది." ఏడాదిలో ఆవిడ వేసిన మొదటి జోకు అది. నామీద వేసినా పండగ చేసుకున్నాను.

లైన్లు సుజాతే చెప్పింది. పుస్తకంలో ఉన్నవి మూడు చరణాలు, మూడూ రికార్డు చేశాం. బ్లూటూత్ అయితే మాట కొంచెం ఆలస్యంగా చేరుతుందని వైరువే తీసుకెళ్లాను, రెండు జతలు. రెండూ నల్ల వైర్లే. అత్తయ్య మంచం మీద కూర్చుంది. ఒక చెవికే పెడతానన్నాను, రెండూ మూసేస్తే తన గొంతూ జనం గొంతూ వినపడవు కదా. కుడి చెవి దగ్గరికి చెయ్యి తీసుకెళ్లాను. తల వెనక్కి లాక్కుంది.

"ఎడమ చెవిలో పెట్టు. కుడి చెవి ఆయనది."

ఎడమ చెవికే పెట్టాను. మొదటి జత విని, "పక్కింట్లోంచి పిలిచినట్టుంది" అంది. రెండోది విని, "ఇది మన వంటింట్లోంచి పిలిచినట్టుంది" అంది. ఇన్నేళ్లుగా బేసు, ట్రెబుల్, మిడ్డు అంటూ జనం బుర్ర తింటున్నాను గానీ, ఒక్క ముక్కలో తేల్చడం ఈవిడ దగ్గరే చూశాను. రెండో జతే ఖాయం చేశాం.

అయితే దాంతో కూడా మొదటి చరణం పాడి, రెండోదాంట్లో ఆగిపోయింది. "లైను వినపడుతోందయ్యా. మనిషే వినపడట్లేదు" అంది. దానికి నా కొట్లో మందు లేదు.

ఆదివారం పొద్దున్నే చర్చి ఆవరణలో షామియానా వేశారు. వంటలవుతున్నాయి. చెప్పులు విప్పే చోట నిలబడి నేను రెండు జతలూ మళ్లీ ఒకసారి పోల్చుకుంటున్నాను. అవసరం లేదు. పిచ్చి. దీని పిన్ను తీసి దానిది పెట్టి, దానిది తీసి దీనిది పెట్టి వింటుంటే సుజాత వచ్చింది.

"ఏవండీ, ఇది కూటమా, కోడిపందెమా? ఇవ్వండిటు."

ప్లేయరూ రెండు జతలూ ఉన్న గుడ్డసంచి నా చేతిలోంచి లాక్కుని, అత్తయ్య భుజానికి తగిలించి, పైట కింద సర్దింది. రెండో జతలో ఎడమ బుడిపె అత్తయ్య చెవికి నేనే పెట్టాను.

అత్తయ్య పాటకి ముందుకొచ్చింది. నేను ఎడమవైపు, చెయ్యి చాపితే అందే దూరంలో నిలబడ్డాను. సంచి పైనుంచే ప్లేయరు మీట నొక్కాను. ఆవిడ కుడిపక్కన ఎవరూ లేరు. ఆ చోటు అలాగే వదిలేశారు జనం.

ఎత్తుకుంది. మొదటి లైనుకి గొంతు వణికింది. రెండో లైనుకి నిలబడింది.

మొదటి చరణం దాటింది. రెండో చరణం ముందు ఆగింది. సుజాత ఆడవాళ్ల వైపు కూర్చుని పైట కొంగు నోట్లో కుక్కుకుంది. అత్తయ్య తల కొద్దిగా వంచింది, కుడివైపుకి. వంచి, అందుకుని పాడింది.

ఎడమ చెవిలో వస్తున్న మాటకి కుడివైపు వంగుతుందేమిటి అనుకున్నాను. పాత అలవాటులే అని సర్దిచెప్పుకున్నాను. ప్రతి లైనుకీ అంతే. వంగడం, వినడం, అందుకోవడం.

మూడో చరణం అయిపోయింది. ఇక జనం ఆమెన్ అనాలి. పాస్టరు గారు పుస్తకం మూయబోతున్నారు. అత్తయ్య మాత్రం తల వంచే ఉంది. ఏదో విన్నట్టు నిలబడింది. చిన్నగా నవ్వింది. కొత్త పెళ్లికూతురు నవ్వు. నాలుగో చరణం ఎత్తుకుంది.

"గట్టున లాంతరు పట్టుకుని ఒకతె నిలుచుంది తండ్రీ..."

ఆగి, మళ్లీ కుడివైపు వంగింది.

"వల ఖాళీగా వచ్చినా సరే, నన్ను ఆ వాకిట దించు తండ్రీ..."

పాస్టరు గారు గబగబా పేజీలు తిప్పుతున్నారు. పుస్తకంలో అది లేదు. మేం రికార్డు చేసిందీ లేదు. జనానికి ఆ మాటలు రావు కాబట్టి ఎవరూ అందుకోలేదు. ఆవిడ ఒక్కర్తే పాడింది. ఆఖరి బెంచీలో మస్తాన్ బాబాయ్ లేచి నిలబడి తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. గిలకలదిండిలో మావయ్యతో ఒకే బోటు మీద పనిచేసిన మనిషి. మావయ్య మీద అభిమానంతో కూటానికి వచ్చాడు.

పాట అయ్యాక అత్తయ్య చెవిలోంచి బుడిపె తీసి, సంచి నేనే తీసుకుని బయటికొచ్చి విప్పాను. ప్లేయరు తిరిగి తిరిగి, రికార్డు చివరికి వచ్చి ఆగి ఉంది. దానికి పెట్టి ఉన్నది మొదటి జత పిన్ను, పక్కింట్లోంచి పిలిచినట్టున్న జత. దాని బుడిపెలు సంచిలోనే పడున్నాయి. అత్తయ్య చెవిలో పెట్టిన రెండో జత పిన్ను సంచి అడుగున ఊరికే వేలాడుతోంది, దేనికీ తగిలించకుండా. పోల్చే పిచ్చిలో పిన్ను మార్చి, మళ్లీ మార్చేలోపు సంచి నా చేతుల్లోంచి పోయింది. సుజాత గొంతు లైన్లన్నీ బుద్ధిగా సంచికి చెప్పుకుంది. అత్తయ్య చెవిలో ఉన్నది ఉత్త రబ్బరు బిరడా.

ఆ పిన్ను చేత్తో పట్టుకుని రెండుసార్లు చూసుకున్నాను.

భోజనాల దగ్గర మస్తాన్ బాబాయ్ పక్కన కూర్చున్నాను. అన్నం కలుపుతున్నాడు గానీ తినడం లేదు.

"మీ అత్తకి ఆ చరణం ఎవరు చెప్పార్రా?"

"నాకు తెలీదు బాబాయ్. నీకు తెలుసా అది?"

"తెలియకేం? మీ మావ కట్టిందే. బోటు మీద పాడేవాడు. కరెంటు పోయిన రోజుల్లో ఆవిడ కాలవ గట్టు మీద లాంతరు పట్టుకుని నిలబడేదంట, ఆఖరి బస్సు దిగొస్తాడని. ఇంటికెళ్లి పాడరా దానియేలూ అంటే సిగ్గుతో చచ్చేవాడు. మా అందరి చేతా ఒట్టేయించుకున్నాడు, ఊళ్లో ఎవరికీ చెప్పొద్దని."

"మరి నువ్వు చెప్పలేదా?"

"ఒట్టురా. దేవుడి మీద ఒట్టది. నేనెందుకు చెప్తాను?"

సాయంత్రం జనం వెళ్లాక అత్తయ్యని అడిగాను, ఆ చరణం ఇదివరకు ఎప్పుడైనా విన్నావా అని. ఆవిడ తమలపాకు తుడుచుకుంటూ, "ఇవాళే" అంది. అని, ఆ మాటల్ని మళ్లీ ఒకసారి లోపల్లోపల చెప్పుకుంది. మర్చిపోతానేమోనన్నట్టు.

నాకు తోచిన దారులన్నీ వెతికాను. సంచిలో ఉన్న బుడిపెల సౌండు పైకి వినపడిందేమో అనుకున్నాను. అదే సంచిలో, అంతే సౌండుతో పెట్టి భుజానికి తగిలించుకుని చూశాను. ఏమీ లేదు. చెవి ఆనిస్తే దోమ పాడినట్టుంది. వినపడిందనే అనుకుందాం, అందులో నాలుగో చరణం ఎక్కడిది? మూడు చరణాలూ ఏళ్లుగా విన్నవే కాబట్టి గుర్తుండి ఉంటాయి, ఒప్పుకుంటాను. నాలుగోది మావయ్య నిద్రలో ఎప్పుడో పాడి ఉంటాడా అని సుజాతని అడిగాను. "నాన్న నిద్రలో గురక తప్ప ఏం పెట్టేవాడు కాదు" అంది. ఇంకో దారి నాకు తోచలేదు. ఈ రోజుకీ తోచలేదు. నమ్మనివాడినే, కానీ జవాబు లేనివాడిని.

అత్తయ్య ఇప్పుడు పాడుతోంది. బియ్యం ఏరుతూ పాడుతుంది, ఆదివారం ముందుకొచ్చి పాడుతుంది. ఇన్-ఇయర్లు గుడివాడ వాళ్లు కొనుక్కుపోయారు. ఆవిడకి అక్కర్లేదంది. తల మాత్రం కుడివైపు వంచుతుంది.

మొన్న ఉండబట్టలేక, నా పద్ధతిలోనే నవ్వులాటగా అడిగేశాను. "అత్తయ్యా, ఆ రోజు నేను చెయ్యి చాపితే అందే దూరంలో ఉన్నాను. ఈ జిల్లాలో నా చెవుల్ని మించిన చెవులు లేవంటారు జనం. పక్కింటి గొంతో వంటింటి గొంతో, నాకొక్క ముక్కైనా వినపడలేదేం?"

ఆవిడ చేటలోంచి తల ఎత్తకుండానే అంది.

"పాట అందించేది పాడేవాళ్లకయ్యా. ఏది బాగుందా అని బేరీజు వేసేవాళ్లకి ఎందుకందిస్తారు?"