ఒక్క దీర్ఘం

ఫిబ్రవరిలో ఒకనాటి పొద్దున డింఫ్నా టార్పీ వంటింట్లో నిలబడి, చేతిలో ఉన్న వస్తువు పేరు గుర్తు రాక ఏడ్చింది. అది కెటిల్. అరవై ఒక్క ఏళ్ల మనిషి, రోజుకు ఆరేడుసార్లు దాంతో నీళ్లు కాచుకుని టీ తాగిన మనిషి. అక్క అట్రాక్టా వెనక నుంచి వచ్చి చెయ్యి కాలిందా అని అడిగితే, "నీళ్లది... ఈ నీళ్లది" అని మాత్రం అనగలిగింది.

ఏప్రిల్లో క్యాసిల్‌బార్ డాక్టరు మెదడు ఫొటోలు ముందు పెట్టుకుని, ఉన్నదున్నట్టు చెప్పాడు. ముందు పోయేవి మాటలు, అందులోనూ వస్తువుల పేర్లు. మనుషుల్ని మరిచిపోవడం ఆ తర్వాత. మాటలు మిగిలేది ఏడాది అనుకోండి, అంతకు తక్కువైనా ఆశ్చర్యపోకండి అన్నాడు. పుస్తకం పూర్తిచెయ్యగలనా అని డింఫ్నా అడిగింది. ఏ పుస్తకం అన్నాడాయన. తిరిగొచ్చేటప్పుడు కారులో అట్రాక్టా దాని గురించే నవ్వింది. "ఈ జిల్లాలో నువ్వు పుస్తకాలు రాస్తావని ఎవరికి తెలుసులే" అంది.

అందరికీ తెలుసు. తెలిసినా తెలియనట్టు ఉండటం ఐర్లండులో ఈ మేయో జిల్లా మర్యాద. పక్క పొలం పడ్రిగ్ డుర్కన్ ఒకసారి పశువుల సంతలో ఎదురుపడి, "నీ పుస్తకం మా పిల్ల చదివింది. లావుగానే ఉంది" అన్నాడు. అంతకు మించిన పొగడ్త ఆ ఊళ్లో ఎవరూ ఎవరికీ ఇచ్చి ఎరగరు. డబ్లిన్ వాళ్లిచ్చిన గాజు బహుమతి, వెనక తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టడానికి పనికొచ్చింది.

డింఫ్నా ఇరవయ్యారేళ్లు జిల్లా లైబ్రరీ వ్యాను నడిపింది. చార్ల్స్‌టౌన్, కిల్కెల్లీ, బొహోలా, మధ్యలో పేరు కూడా లేని కూడళ్లు. వానలో పిల్లలు వ్యాను కోసం నిలబడి ఉండేవాళ్లు. వాళ్లకిచ్చే పుస్తకాల్లో పిల్లలంతా ఇంగ్లండు వాళ్లు, హాస్టళ్లలో చదువుతారు, బుట్టల్లో కేకులు పెట్టుకుని నదీతీరాలకు పోతారు. బురదనేల, పొయ్యిలో కట్టెలకు బదులు కాల్చే పీటుమట్టి పొగ, ముళ్ల కంచెలు ఎక్కడా లేవు. ఇదేమిటని ఆమెకు ఒళ్లు మండింది. ముప్పై మూడో ఏట, వ్యాను స్టీరింగు మీద నోటుపుస్తకం ఆనించి, పిల్లలు వచ్చేలోపు రాయడం మొదలుపెట్టింది.

ఆ కథ వాళ్ల నానమ్మది. ఇంటి వెనక పైచేలో ఆకలిమనిషి ఉంటాడని, అటు పోతే పట్టుకుంటాడని నానమ్మ భయపెట్టేది. డింఫ్నా ఆ ఒక్క ముక్క పట్టుకుని ఫినోలా అనే పదేళ్ల పిల్లను పుట్టించింది. ఆకలిమనిషి సన్నగా, పొడుగ్గా ఉంటాడు. వాడు ఎవరిని తాకితే వాళ్ల కడుపులోకి లోకంలో ఉన్న ఆకలంతా దిగుతుంది. మొదటి పుస్తకంలో వాడు ఫినోలా తమ్ముణ్ణి ఎత్తుకుపోయాడు. రెండోదాంట్లో ఫినోలా భూమి కిందున్న వాడి కోటకు పోయి తమ్ముణ్ణి తెచ్చుకుంది. మూడోదాంట్లో వాడు కోట వదిలి పైకొచ్చి ఊళ్ల మీద పడ్డాడు. డబ్లిన్‌లో ఫింటన్ మల్హెర్న్ అనే చిన్న ప్రచురణకర్త వాటిని అచ్చువేశాడు. డెన్మార్క్ పిల్లలు కూడా చదివారు. ఇది అచ్చంగా నేలలోంచి మొలిచిన కథ అని ఒక పత్రిక రాస్తే, డింఫ్నా ఆ ముక్క కత్తిరించి దాచుకుంది. అన్నింటికన్నా ఆ మాటే ఆమెకు గర్వం.

నాలుగోదాంట్లో ఆకలిమనిషి చావాలి. తొమ్మిదేళ్లయినా చావలేదు. ఎలా చస్తాడని అడుగుతూ పిల్లలు రాసిన ఉత్తరాలతో వంటింట్లో రొట్టెల డబ్బా నిండిపోయి, రొట్టెను గుడ్డలో చుట్టి బల్ల మీద పెట్టాల్సి వచ్చింది. ఆమె వాణ్ణి సరస్సులో ముంచింది, పీటుమట్టి కుప్పలో పెట్టి కాల్చింది, ఫినోలా చేత గొడ్డలితో నరికించింది. రాసిన ప్రతిసారీ, చదువుకుంటే అబద్ధంగా ఉంది. ఆకలిని నరికితే ఏం తెగుతుంది? ఆ కాగితాలన్నీ పొయ్యిలోకి పోయాయి. తొందరేముంది, దొరుకుతుందిలే అనుకునేది. ఇప్పుడు తొందర వచ్చి పడింది.

వేసవంతా మాటలు ఒక్కొక్కటిగా రాలిపోయాయి. గేటు పోయింది. నత్త పోయింది. చేతిగుడ్డ, చెంచా, ముళ్లకంప పోయాయి. అట్రాక్టా నలభై ఏళ్లు ఇంగ్లండులో లీడ్స్‌లో నర్సుగా చేసి, పింఛను పుచ్చుకుని ఇంటికి వచ్చిన మనిషి. ఆమె తన పద్ధతిలో ఇంట్లో ప్రతి వస్తువుకూ పేరు రాసిన చీటీ అంటించింది. కెటిల్ మీద కెటిల్ అని, తలుపు మీద తలుపు అని. డింఫ్నా వాటిని చూసి సిగ్గుతో చచ్చిపోయింది. ఒక్కో మాట కోసం రోజంతా తపస్సు చేసిన మనిషికి, తలుపు పేరు తలుపు మీద చదువుకోవడం కన్నా అవమానం ఏముంటుంది? అయినా ఎవరూ లేనప్పుడు చదువుకునేది.

సెప్టెంబరుకు రాయడం కూడా చేతకాలేదు. సగం వాక్యంలో చెయ్యి ఆగిపోయేది. అప్పుడు నువ్వు చెప్పు, నేను రాస్తాను అని అట్రాక్టా నోటుపుస్తకం తీసుకుంది. తీరా చూస్తే ఆమె చెల్లెలి పుస్తకాలు ఒక్కటీ చదవలేదు. ఆ సంగతి ఆరోజే బయటపడింది. మన ఇంటి గురించి రాస్తే నాకు తెలిసిందే, వేరేవాళ్ల గురించి రాస్తే నాకెందుకు అంది తాపీగా. డింఫ్నాకు కోపం వచ్చింది గానీ, కోప్పడటానికి మాటలు ఖర్చుపెట్టే స్థితిలో లేదు.

మధ్యాహ్నం టీ తర్వాత మొదలుపెట్టారు. డింఫ్నా కళ్లు మూసుకుని, తడుముకుంటూ చెప్పింది. పైచేలో ఫినోలా ఒంటరిగా నిలబడింది, ఎదురుగా వాడు వచ్చాడు, ఫర్ గోర్తా వచ్చాడు. పుస్తకాల్లో ఆకలిమనిషిని అక్కడక్కడా నానమ్మ అన్నట్టే ఐరిష్ మాటలో అనడం ఆమెకు ఇష్టం.

అట్రాక్టా కలం ఆపింది.

"ఎవరొచ్చారు?"

"ఫర్ గోర్తా. ఆకలిమనిషి. నానమ్మ చెప్పేది కదా అక్కా."

"నానమ్మ ఎప్పుడు చెప్పిందే? పైచేలో మనిషి లేడు. ఆవిడ అన్నది ఫేర్. ఫేర్ గోర్తా. గడ్డి. ఆకలిగడ్డి."

డింఫ్నా కళ్లు తెరిచింది.

"కరువులో మనిషి పడి చచ్చిపోయిన చోట మొలుస్తుంది ఆ గడ్డి. తెలియక దాన్ని తొక్కితే కాళ్లు చచ్చుబడి, ఆకలితో అక్కడే పడిపోతారు. కెర్రీలోనో ఇంకెక్కడో మనిషి కూడా ఉన్నాడేమో నాకు తెలీదు. మన చేలో మాత్రం గడ్డే."

ఫర్ అంటే మనిషి, ఫేర్ అంటే గడ్డి. రాతలో ఒక అక్షరం నెత్తిన దీర్ఘం గీత ఉందా లేదా అన్నదే తేడా. అక్క ఆరేళ్లు పెద్దది, నానమ్మ పక్కలో పడుకుని ఆ భాషంతా ఒంటబట్టించుకుంది. ఆ తర్వాత అమ్మానాన్నా ఇంట్లో ఐరిష్ మాట వినపడకూడదన్నారు. ఓడెక్కి పనికి పోవాల్సిన పిల్లలకు ఇంగ్లీషు కావాలి, ఇది కూడు పెడుతుందా అన్నారు. చిన్నదానికి దక్కినవి, ముసలావిడ నోట్లోంచి పొరపాటున జారిపడ్డ పది మాటలు. ఐదేళ్ల చెవి ఆ దీర్ఘాన్ని మింగేసింది. ఆ దేశంలో అలాంటి పిల్లలు లక్షమంది. వాళ్లలో ఈమె ఒక్కతే ఆ పొరపాటు మీద మూడు పుస్తకాలు కట్టింది.

"అయితే నేను రాసిందంతా?" అని అడిగింది డింఫ్నా.

"తప్పు" అంది అట్రాక్టా. రోగికి ఉన్న మాట చెప్పెయ్యడం ఆమెకు నలభై ఏళ్ల అలవాటు. అన్నాక చెల్లెలి ముఖం చూసి, నాలుక కొరుక్కుంది.

డింఫ్నా మూడు రోజులు మాట్లాడలేదు. ముద్ద ముట్టలేదు. ఉన్న కాసిని మాటల్లో ఒక్కటి వాడినా దండగ అనిపించింది. వ్యాను దగ్గర వానలో నిలబడ్డ పిల్లలందరికీ ముప్పై ఏళ్లు అబద్ధం పంచిపెట్టినట్టయింది. నేలలోంచి మొలిచిన కథ అన్న ఆ పత్రిక ముక్కను పొయ్యిలో వేసింది. నోటుపుస్తకం కూడా వెయ్యబోతే, అట్రాక్టా దాన్ని కుర్చీలో పెట్టి పైన కూర్చుంది. తొంభై కేజీల మనిషి, లేపడం ఎవరి వల్లా కాదు.

నాలుగో రోజు మధ్యాహ్నం డింఫ్నా కోటు తొడుక్కుని, తలుపు అని చీటీ ఉన్న తలుపు తెరుచుకుని బయటికి నడిచింది. అట్రాక్టా గుమ్మంలో ఆపి, రొట్టె అంచు ఒకటి తుంచి ఆమె జేబులో కుక్కింది. చేసిన తర్వాత గానీ తనేం చేసిందో ఆమెకే తెలియలేదు. నానమ్మ చేసేది అదే. పైచేకు పోతుంటే ఆ గడ్డికి విరుగుడని ఇద్దరి జేబుల్లోనూ రొట్టె పెట్టేది. డింఫ్నా అది చిరుతిండి అనుకుని, గేటు దాటకముందే తినేసి, వీపు మీద దెబ్బ తినేది.

పైచేలో కంచె మూలన ఆ గడ్డి ఇప్పటికీ ఉంది. గొర్రెలు అక్కడ మెయ్యవు. చుట్టూ గడ్డి పొట్టిగా ఉంటే, అక్కడ మోకాళ్ల ఎత్తున ఉంది. డింఫ్నా తిన్నగా వెళ్లి దాని నడుమ నిలబడింది. నిన్ను నమ్ముకుని ముప్పై ఏళ్లు మరొకణ్ణి రాశాను అని తిట్టాలనుకుంది గానీ, తిట్లు కూడా అందలేదు. బూట్లు తడిశాయి. అంతలో మోకాళ్లు మడతపడి, ఆ గడ్డిలోనే కూలబడింది. మూడు రోజులు ఏమీ తినలేదు కాబట్టి పడింది అని అట్రాక్టా తర్వాత అందరికీ చెప్పింది. అప్పుడు మాత్రం, వెనకే వచ్చిన ఆమె కంచె దగ్గర్నుంచి ఒక్క అడుగు లోపలికి వెయ్యకుండా, "జేబులో ఉంది, తిను. ముందది తిను" అని అరిచింది.

డింఫ్నా తిన్నది. సగం నమిలి ఆగిపోయింది. చేతిలో మిగిలిన ముక్క వైపు, చుట్టూ ఉన్న గడ్డి వైపు చూసింది.

"ఎవరూ పెట్టలేదు" అంది.

"ఎవరికి?"

"వాడికి. మూడు పుస్తకాల్లో... కొట్టారు. నరికారు. ఎవరూ పెట్టలేదు." అరచేత్తో గడ్డిని నొక్కింది. "దీని కింద... మనిషే కదా అక్కా."

అట్రాక్టా గడ్డిలో అడుగు పెట్టింది. లోపలికి వచ్చి చెల్లెల్ని లేవదీసింది.

వంటింట్లో తడికోటు కూడా విప్పకుండా కూర్చుని డింఫ్నా చెప్పింది, అక్క రాసింది. మాటలు పోకముందే చెప్పెయ్యాలని, ఊపిరి తీసుకోకుండా చెప్పింది. ఫినోలా గొడ్డలి కింద పడేసింది. నీ పేరేమిటని వాణ్ణి అడిగింది. వాడికి తెలియదు, వాణ్ణి పేరు పెట్టి పిలిచేవాళ్లంతా వాడికన్నా ముందే పోయారు. వాడు చెయ్యి చాచాడు. మూడు పుస్తకాల్లో వాడు చాచిన చెయ్యి అదే, అందరూ అది పట్టుకోవడానికనుకున్నారు. ఫినోలా జేబులో చెయ్యి పెట్టింది.

"పెట్టి?" అంది అట్రాక్టా.

డింఫ్నా నోరు తెరిచింది. రాలేదు. పెదాలు కదిలాయి, గొంతులో చప్పుడు పుట్టింది, మాట మాత్రం రాలేదు. పొద్దున పొయ్యి మీద కాల్చుకునేది, వెన్న రాసుకునేది, పుట్టినప్పటి నుంచి తిన్నది, ఇందాక పొలంలో తన ప్రాణం నిలబెట్టినది. దాని పేరు పోయింది. చీటీల కోసం చుట్టూ చూసింది. కెటిల్, తలుపు, కుర్చీ, గడియారం, పిల్లల కాగితాలున్న డబ్బా మీద ఉత్తరాలు. దానికి మాత్రం అట్రాక్టా చీటీ అంటించలేదు. తినేదానికి ఎవరంటిస్తారు? డింఫ్నా బల్ల మీద పిడికిలితో కొట్టి ఏడ్చింది. ఒక్క మాట దూరంలో పుస్తకం ఆగిపోయింది.

అక్కకు ఆ మాట తెలుసు. ముందే అందించవచ్చు. కానీ అది తన పుస్తకం కాదని ఆమె నోరు మూసుకుని కలం పట్టుకుని కూర్చుంది. కూర్చోవడం చాలా కష్టమైంది.

చివరికి డింఫ్నా తడికోటు జేబులో చెయ్యి పెట్టి, పొలంలో తినగా మిగిలిన ముక్క తీసింది. బల్ల మీదుగా చెయ్యి చాచి, దాన్ని అక్క అరచేతిలో పెట్టి వేళ్లు మూసింది.

అట్రాక్టా ఎడమచేతిలో దాన్ని అలాగే పట్టుకుని, కుడిచేత్తో రొట్టె అని రాసింది.