అగ్గిపెట్టెల్లో ఈగలు

మా నాలుగేళ్ల బాబు నేను దాచిన అగ్గిపెట్టె తెరిచి, చచ్చిన ఈగల్ని నేల మీద పోసి, తెల్లటి పొడి అంటిన వేళ్లను నాకుతుంటే చూసి, పరుగెత్తుకెళ్లి వాడి చెయ్యి లాగేశాను.

ఉప్పెన మరుసటి ఏడు. దివిసీమలో మా ఇంటి కిటికీకి ఈగలు రెక్కలెత్తి అంటుకుపోయి చచ్చేవి, చుట్టూ తెల్లటి పొడి. వృక్షశాస్త్రం చదివాను గనక అది ఈగల్ని చంపే బూజని గ్రహించాను. బందరులో మా మాస్టారు మైక్రోస్కోపులో చూసి, "ఇది ఏ పుస్తకంలోనూ లేదమ్మా. ఇంకొన్ని తీసుకురా, నీ పేరుతోనే ప్రకటిద్దాం" అన్నారు. రెండు నెలలు ఏరి పన్నెండు అగ్గిపెట్టెలు నింపాను.

గంటలో బాబుకి వాంతులు పట్టుకున్నాయి. కొత్త బూజు మనుషుల్నేం చేస్తుందో ఎవరికి తెలుసు?

"ఈగల్ని దాచుకునే తల్లిని ఎక్కడా చూళ్లేదమ్మా!" అన్నారు అత్తగారు.

పెట్టెలన్నీ నేనే పొయ్యిలో పడేసి, బాబుని ఎత్తుకుని డాక్టరు దగ్గరికి పరిగెత్తాను.

ఆయన బాబు పొట్ట నొక్కి చూసి, "బూజూ లేదు, గీజూ లేదు. జామపిందెలు ఎన్ని తిన్నావురా?" అన్నారు. బాబు పది వేళ్లూ చూపించాడు.

నమూనా లేనిదే కొత్త జాతికి పేరు పెట్టరు. బిడ్డ క్షేమం ముందు అదెంత అనుకోవాలి. అనుకోలేకపోతున్నాను.

మర్నాడు పొద్దున బాబు వాళ్లక్క, మా పాప, కిటికీ దగ్గర్నుంచి, "అమ్మా, ఇంకో తెల్ల ఈగ! అగ్గిపెట్టె తేనా?" అని అరిచింది. వంటింట్లో అత్తగారి గిన్నెల చప్పుడు ఆగింది.

"వద్దు. ఇద్దరూ దూరంగా ఉండండి, ఊడ్చేస్తాను" అన్నాను.