అల్లుడి నీళ్ళు

పరిశోధనలో చివరి అధ్యాయం రాసుకోవడానికి ఆ ఎండాకాలం ఇనుప గనుల ఊరు కిరండూల్లో అమ్మ దగ్గరికి వెళ్ళాను. నాన్న రైల్వే ఉద్యోగంతో విజయనగరం వైపు నుంచి వచ్చి అక్కడే ఉండిపోయిన కుటుంబం మాది. వానలు పడితే గనుల కొండ మీంచి వాగులోకి దిగే ఎర్రనీళ్ళను చుట్టుపక్కల జనం ఏమని పిలుస్తారు, వాటి గురించి ఏం చెప్పుకుంటారు అన్నది నా పరిశోధన.

చదివిన వ్యాసాలన్నీ కంప్యూటర్లో రిఫరెన్సుల సాఫ్ట్‌వేర్‌లో పెట్టుకునేదాన్ని. ఫైలు అందులోకి లాగి వదిలితే రచయిత పేరు, సంవత్సరం, పత్రిక పేరు అదే ఎక్కించుకుంటుంది. అధ్యాయంలో ఎవరి మాట ఎక్కడ వాడితే అక్కడ నంబరు వేసి, చివర జాబితా కూడా అదే కడుతుంది. అంతకుముందు చీటీల మీద రాసుకుని సగం పోగొట్టుకున్నదాన్ని. అందుకే దానిమీద నాకు గొప్ప గురి.

అందులో ఉన్న మూడు వ్యాసాల్లో ఒక మాట కనిపించింది. ఇక్కడివాళ్ళు ఎర్రనీళ్ళను 'అల్లుడి నీళ్ళు' అంటారట. ఒకాయన ఆ ఒక్క మాట మీదే నాలుగు పేజీలు రాశాడు. వాగుతో వియ్యమందిన సమాజం అన్నాడు. చదివి పొంగిపోయాను. ఆ మాట నేనూ విన్నాను మరి! ఎం.ఏ. చదివే రోజుల్లో వాగు పక్కనుండే ఒక అవ్వ నోట విన్నాను. 'నా పరిశీలనలోనూ ఇదే తేలింది' అని ధీమాగా రాసేశాను.

ఇక మూలం ఏదో వెతికి జాబితాలో చేర్చాలి. మూడో వ్యాసం రెండోదాన్ని చూపించింది, రెండోది మొదటిదాన్ని. మొదటి వ్యాసం చూపించిన మూలానికి రచయిత పేరు లేదు. నేను చదివిన కాలేజీ పేరే వేసి, 'అచ్చుకాని విద్యార్థి నివేదిక' అని రాసి, కింద లింకు ఇచ్చారు. నా తర్వాత చదివినవాళ్ళెవరో రాసుంటారనుకున్నాను. లింకు నొక్కితే ఒక స్కాన్ ఫైలు దిగింది. తెరిచి చూడకుండానే సాఫ్ట్‌వేర్‌లోకి లాగి వదిలాను.

ఇది మీ దగ్గర ఇప్పటికే ఉంది, రెండూ కలిపేయాలా అని అడిగింది.

రెండు నివేదికలూ పక్కపక్కన పెట్టి చూపించింది. రెండింటి మీదా నా పేరే. సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటున్న మొదటి రోజు, చేయి తిరగడానికని నా ఎం.ఏ. నివేదికనే అందులో వేసుకున్నాను. ఆ సంగతే మరిచిపోయాను.

గబగబా పేజీలు తిప్పాను. నివేదిక చివరి పేజీలో స్థానిక పదాల పట్టిక ఉంది. అందులో ఒక వరుస: అల్లుడి నీళ్ళు, ఎర్రనీరు. అంతే. ఎవరు చెప్పారో, ఎందుకు చెప్పారో ఒక్క ముక్క లేదు. ముగ్గురు పండితులతో పాటు నేను నాలుగో సాక్షిననుకున్నాను. అందరి వెనకా ఉన్నది ఆ అవ్వ ఒక్కతే.

అమ్మ వంటింట్లోంచి వచ్చి నన్ను చూసి నిలబడిపోయింది.

"ఏటే, మొహం అలా అయిపోయింది? ఎవులికేటయింది?"

"ఎవరికీ ఏం కాలేదమ్మా. వాగు పక్కన అవ్వ ఉందా ఇంకా?"

"ఉంది. మొన్న సంతలో చింతపండు అమ్ముతా కనపడింది."

వెంటనే బయల్దేరాను. అవ్వది బాసగూడ దిక్కు నుంచి వచ్చిన తెలుగు కూలి కుటుంబం. కూతురు, అల్లుడి దగ్గర ఉంటుంది. అల్లుడు దంతెవాడకు జీపు నడుపుతాడు. నేను వెళ్ళేసరికి ఇంటి ముందు జీపు తుడుస్తున్నాడు. అవ్వ గుమ్మంలో కూర్చుని చింతగింజలు తీస్తోంది. మీవాళ్ళు ఎర్రనీళ్ళను అల్లుడి నీళ్ళంటారని చెప్పావు కదా, నిజమేనా అని అడిగాను.

"ఊరోళ్లెందుకంటరు బిడ్డా? గది నేనన్న మాట." జీపు వైపు ఓరగా చూసి గొంతు తగ్గించింది. "అప్పుడు మావోడు తాగొచ్చెటోడు. కండ్లెర్రగ చేసుకొని ఉరికొచ్చుడు, ఇల్లంత ఆగమాగం జేసుడు, తెల్లారి బురద మిగిల్చి పోవుడు. గందుకే నవ్వులాటకన్న. నువ్వు రాసుకున్నవా ఏంది?"

"రాశానవ్వా. పుస్తకాల్లోకెక్కింది. ఢిల్లీలో వాళ్ళు కూడా చదివారు."

అవ్వ నవ్వు ఆగిపోయింది. "అల్లుని పేరు రాసినవా?"

"లేదవ్వా, మాట ఒక్కటే."

జీపు దగ్గర చప్పుడు ఆగిందని మేం గమనించలేదు. అతను తడిగుడ్డ చేతిలోనే పట్టుకుని వచ్చి నిలబడ్డాడు.

"నన్నా, అత్తా?"

అవ్వ తల దించుకుని ఇంకో చింతకాయ పగలగొట్టింది. అతను తాగుడు మాని ఏళ్ళయింది.

"ఇప్పుడు గూడ గట్లనే అంటున్నవా?"

"ఇప్పుడెందుకంట? తేటపడితివి గద."

అతను నవ్వలేదు. నా వైపు తిరిగాడు. "ఎంతమంది సదివిన్రమ్మా?"

"నాకు తెలీదు," అన్నాను. అది నిజం.

గుడ్డ పిండి, జీపెక్కి వెళ్ళిపోయాడు. "మాపటికి బువ్వ తినడేమో," అంది అవ్వ.

ఫోన్లో మా గైడుతో అంతా చెప్పాను. "ఆ వాక్యం తీసేయమ్మా, గొడవుండదు," అన్నారాయన. వ్యాసాలు రాసిన ముగ్గురికీ ఉత్తరాలు రాశాను. ఒకరు సరిదిద్దుతామన్నారు. ఇంకొకరు, నవ్వులాటలోనూ జనం లోకదృష్టి ఉంటుందని జవాబిచ్చారు. మూడోవారి నుంచి ఏమీ రాలేదు.

ఆ వాక్యాన్ని చెరిపేశాను. కింది నంబర్లన్నీ ఒక్క క్షణంలో వాటంతటవే సర్దుకున్నాయి. అక్కడ ఒక తప్పు ఉండేదన్న ఆనవాలే లేదు. నివేదికను స్క్రీన్ మీద చూసినప్పటికంటే అప్పుడే నాకు ఎక్కువ భయం వేసింది. తీసేసిన వాక్యాన్ని మళ్ళీ పెట్టాను. ఇది ఒక ఇంటి మనిషి నవ్వులాటకు అన్న మాట, జనం మాటగా పొరపాటున రాసింది నేనే, దాన్నే ఒకరిని చూసి ఒకరు మళ్ళీ రాశారు అని దాని కింద వివరంగా రాశాను. ఆ నవ్వులాట ఏమిటో మాత్రం అందులో రాయలేదు. ఇక్కడ రాస్తున్నది అవ్వ అల్లుణ్ణి అడిగి, సరేనన్నాక రాస్తున్నది.