పై వరుసలోకి వచ్చిన జవాబు

గుంటూరులో వ్యవసాయ మందులు, విత్తనాలు అమ్మే ఒక కంపెనీలో నేను సీనియర్ అగ్రానమిస్టుగా పనిచేశాను. ఉద్యోగ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, నన్ను క్షేత్ర విభాగం నుంచి డిజిటల్ విభాగానికి మార్చారు. అగ్రానమిస్టు పని పైరును చూసి దానికొచ్చిన తెగులేమిటో, ఏం చెయ్యాలో చెప్పడం. అప్పటిదాకా ఆ పని పొలం గట్ల మీద చేశాను. మోకాళ్లు సహకరించడం లేదని కుర్చీ పని ఇచ్చారని అర్థమైంది. బాధపడలేదు, కాని ఆ విభాగం నడిపే వెబ్‌సైటుకు నాలాంటివాళ్లతో ఏం పనో మాత్రం తెలియలేదు.

బ్రాడీపేటలో ఒక మేడ మీద మా ఆఫీసు. సైటు సాంకేతిక వ్యవహారాలన్నీ సుజాత చూసేది. నాకంటే ఇరవై ఏళ్లు చిన్నది, పత్తి పండించే కుటుంబం నుంచి వచ్చిన మనిషి. మొదటి రోజే నన్ను పక్కన కూర్చోబెట్టుకుని రెండు జాబితాలు చూపించింది. ఒకటి మా సైటులోని వ్యాసాల శీర్షికలు. రెండోది జనం సెర్చ్‌లో కొట్టే మాటలు. నేను రాసిన వ్యాసం పేరు 'మిరపలో రసం పీల్చే పురుగుల సమగ్ర యాజమాన్యం'. జనం అడుగుతున్నది 'మిరప ఆకు పడవలాగా ముడుచుకుంటోంది ఏం కొట్టాలి' అని. పత్తి గురించి మేము 'పూమొగ్గలు రాలుట' అని రాశాం. రైతులు 'గూడ రాలుతోంది' అంటారు. ఆ మాట మా సైటు మొత్తంలో ఒక్కచోటా లేదు.

"మీరు రాసింది తప్పని కాదు మేడమ్, రైతు నోట్లో మాట అందులో లేదు. అందుకే మన పేజీ ఎక్కడో అడుగున ఉంటోంది" అంది సుజాత.

ఆ పని ఎలా సాగుతుందో ఆమే వివరించింది. సెర్చ్ ఇంజిన్‌కు సైట్లన్నీ తిరిగి చదివే ప్రోగ్రామ్ ఒకటి ఉంటుంది. అడిగినవాడి మాటలకు దగ్గరగా ఉన్న పేజీలనూ, పనికొచ్చే కొత్త సమాచారం చేరుతున్న పేజీలనూ అది ముందుకు తెస్తుంది. రైతుల మాటలు మేం కూర్చుని ఊహించి రాయలేం. రోజూ కొత్త వ్యాసాలూ రాయలేం. సైటుకు వచ్చినవాళ్లచేతే రాయిస్తే రెండూ జరుగుతాయి. అలా ప్రతి వ్యాసం కింద ప్రశ్నల పెట్టె పెట్టాం. రైతు అడుగుతాడు, తెలిసిన మరో రైతు జవాబిస్తాడు. ప్రతి జవాబూ నేను చదివి అనుమతించాకే బయటికి కనిపిస్తుంది. దీన్ని మోడరేషన్ అంటారు. చదివాక పక్కన నా పొడి అక్షరాలు పడతాయి.

ఆ ఏడు పత్తి పూతకొచ్చేసరికే తేడా తెలిసింది. ఒంగోలు వైపు నుంచి, పల్నాడు నుంచి ప్రశ్నలు రాసాగాయి. కొందరు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాసేవారు. పొలంలో దొరకని తీరిక ఇక్కడ దొరికింది. ఒక్కో ప్రశ్న నెమ్మదిగా చదివి, వెనక ఉన్న పైరును ఊహించుకునేదాన్ని. ఉద్యోగంలో అంత ఇష్టంగా గడిపిన నెలలు తక్కువ.

రెండో ఏడాదికి జవాబులు గుట్టలుగా పేరుకున్నాయి. నేను చదివేలోపు రెండు మూడు రోజులు గడిచేవి. మా విభాగం మేనేజరు ప్రసాదరావు గారు నన్ను పిలిచి, "ముందు బయట పెట్టేద్దామండి, మీరు తరువాత చూసుకోండి. తప్పుంటే తీసేద్దాం. పేజీ తాజాగా ఉంటేనే పైకి వస్తుంది" అన్నారు. నిషేధించిన మందుల పేర్లు పట్టే ఏర్పాటు కూడా ఉంటుందన్నారు. ఒప్పుకున్నాను. నన్నెవరూ బలవంతపెట్టలేదు.

ఆ అక్టోబరులో, మిరపలో ఆకుముడత మీద ఉన్న పేజీకి ఒక జవాబు వచ్చింది. తాడేపల్లి దగ్గర కాలవ కింద మిరప వేసిన రైతు రాశాడు: నీళ్లలో కరిగే గంధకం, వేపనూనె రెండూ కలిపి కొట్టాను, మూడు రోజుల్లో ముడత ఆగింది. రెండూ మంచి మందులే. గంధకం నల్లికి, వేపనూనె రసం పీల్చే పురుగులకు మేమే చెబుతాం. కాని రెంటినీ కలపకూడదు, ఎండలో అసలు కలపకూడదు, ఆకు మాడిపోతుంది. ఉద్యోగంలో చేరిన తొలి ఏడే నేర్చుకున్న పాఠం అది. ఆ వారం చివర శనివారం వరసగా జవాబులు చూసుకుంటూ పోతూ, నిషేధించిన పేర్లేవీ లేవని మాత్రమే చూసి, దాని పక్కన కూడా నా పొడి అక్షరాలు వేశాను.

చాలామందికి నచ్చి ఆ జవాబు పైకి ఎక్కింది. కొన్నాళ్లకు సెర్చ్‌లో 'మిరప ముడత' అని కొడితే మా పేజీ మొదట వచ్చేది. సైటు తెరవకముందే ఆ జవాబులోని రెండు వాక్యాలు కనిపించేవి. ప్రసాదరావు గారు ఆఫీసులో అందరికీ స్వీట్లు పంచారు. నేనూ తిన్నాను.

నవంబరులో పొదిలి దగ్గర ఊరి నుంచి ఒకామె ఫోన్ చేసింది. పేరు సువార్తమ్మ. ఎకరన్నర కౌలు తీసుకుని బోరు కింద మిరప వేశారట.

"మీ దాంట్లో చూసి మందు కొట్టామండి. ఆకు మాడింది, పూతంతా రాలింది. ఇప్పుడేం చెయ్యాలో చెప్పండి" అంది.

గొంతులో కోపం లేదు. ఏ మందని అడిగాను. చెప్పింది. కంప్యూటరులో ఆ జవాబు తెరిచి, పక్కనున్న నా అక్షరాలు చూసుకున్నాను.

మర్నాడు ఉదయమే సుజాతను వెంటబెట్టుకుని పొదిలి వెళ్లాను. చేను చూడగానే తెలిసిపోయింది. ఆకుల అంచులు వేయించినట్టు గోధుమరంగుకు తిరిగాయి. సాళ్ల మధ్య రాలిన పూత వాడి నేలకు అతుక్కుపోయింది. బోరు సన్నగా పోస్తోంది, మొక్క అప్పటికే దప్పిక మీదుంది. మందు కొట్టింది మిట్టమధ్యాహ్నం. తాడేపల్లి రైతుకు ఫోన్ చేసి కనుక్కున్నాను. ఆయన తడి పెట్టిన మర్నాడు, ముసురు పట్టిన సాయంత్రం కొట్టాడు. ఆయన అబద్ధం రాయలేదు. ఆ రోజు తన చేను ఎలా ఉందో రాయలేదు, అంతే. రాయమని మేమూ అడగలేదు.

సువార్తమ్మ భర్త రత్నం గట్టు మీద కూర్చున్నాడు. జరిగింది ఆమే చెప్పింది.

"ఈయనకు చదువు రాదండి. ఫోన్లో నేనే చదివి వినిపించాను. రెండూ కలపడమేందే అని ఈయన అన్నాడు. కంపెనీవాళ్లు ఊరికే పెడతారా అని నేనే కొట్టించాను."

అప్పటి నుంచి ఆమె అన్నం సరిగా తినడంలేదని రత్నం అన్నాడు.

ఇది రాసింది మేం కాదు, ఇంకో రైతు అని చెప్పే వీలు నాకుంది. పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఆ సంగతి రాసే ఉంది. "మీరు సరిగ్గానే చదివారమ్మా. చదవాల్సినంత శ్రద్ధగా నేను చదవలేదు. అది బయట ఉంచొచ్చని సంతకం పెట్టింది నేనే" అని చెప్పాను. ఆమె చేను వైపు తిరిగి, "సరే, చేను సంగతి చూడండి" అంది. సాయంత్రాలు తేలికగా తడులు పెట్టమని, పదిహేను రోజులు ఏ మందూ కొట్టొద్దని, కొత్త చిగురు వచ్చాక ఏం వేయాలో కాగితం మీద రాసిచ్చాను. అన్నీ ఆమె నాచేత రెండుసార్లు చదివించుకుంది.

ఆఫీసులో ప్రసాదరావు గారు ఆ జవాబు తీసేయమన్నారు. అంతటితో పోతుందన్నారు. నేను రెండు విషయాలు చెప్పాను. ఒకటి, తప్పు ఆ కొత్త పద్ధతిది మాత్రమే కాదు, నేను చూసి కూడా వదిలేశాను. రికార్డు చూపించాను. రెండోది, జవాబును ఫొటో తీసి వాట్సాప్‌లో పంపుకున్నవాళ్లు ఎందరో ఉంటారు. మనం తీసేస్తే ఆ ఫొటోలు మిగులుతాయి, అది తప్పని చెప్పే చోటు ఎక్కడా ఉండదు. సుజాత ఇంకో సంగతి చెప్పింది. జనం వెతికేటప్పుడు మొదట కనిపిస్తున్నది ఆ పేజీయే కాబట్టి, దిద్దుబాటు పెట్టడానికి దానికంటే మంచి చోటు లేదు. ఆయన "కంపెనీ తప్పు ఒప్పుకున్నట్టు అవుతుంది కదండీ" అన్నారు. అవునన్నాను. నా పేరు పెట్టమన్నాను. చివరికి ఒప్పుకున్నారు.

దిద్దుబాటు సువార్తమ్మ మాటల్లోనే రాశాను. ఆమె ఫోన్‌లో చెప్పింది, నేను రాసుకుని చదివి వినిపించాను. "మా ఊరి పేరు పెట్టండి. మా పేర్లు వద్దు" అంది. ఇక్కడ నేను రాసినవీ వాళ్ల అసలు పేర్లు కావు. పొదిలి దగ్గర వాళ్ల ఊళ్లో బోరు కింద చేలో, ఎండలో ఈ రెండు మందులూ కలిపి కొడితే ఏమైందో అందులో ఉంది. దాని కింద, ఎందుకలా అయిందో నా వివరణ, తప్పు ఎవరిదో ఒక వాక్యం. పాత జవాబును తీసేయకుండా గీత కొట్టి కిందికి దించాం.

ముందు చదివి తరువాత పెట్టే పాత పద్ధతికే తిరిగి వచ్చాం. జవాబు రాసేవాళ్లు ఊరు, నెల, నీటి వసతి, మందు కొట్టిన వేళ కూడా రాయాలని నిబంధన పెట్టాం. రాసేవాళ్లు బాగా తగ్గారు. సైటుకు వచ్చేవాళ్లూ తగ్గారు. నేనున్నన్నాళ్లూ ఆ సంఖ్య మళ్లీ పాత ఎత్తుకు చేరలేదు, దానికి సంజాయిషీ కూడా ఇచ్చుకున్నాను. రత్నం చేను రెండోసారి పూతకొచ్చింది. సగం పంట చేతికొచ్చిందని ఫిబ్రవరిలో సువార్తమ్మ ఫోన్ చేసి చెప్పింది. మిగిలిన సగం పోయింది.

సైటుకు వచ్చినవాళ్ల రాతలతో పేజీని పైకి తేవడం తప్పు పని అని నేననుకోను. రైతు మాట రైతుకు చేరడానికి అంతకంటే మంచి దారి నాకు కనిపించలేదు. అయితే పేజీ పైకి వచ్చేకొద్దీ, చదివేవాళ్లు దాన్ని రాసిన రైతు మాటగా కాక మా మాటగా తీసుకుంటారు. అలా తీసుకోవడం న్యాయమే. పదవీ విరమణ రోజు బాధ్యతలు అప్పగించే కాగితంలో నా తరువాత వచ్చే అగ్రానమిస్టు కోసం ఒక్క సూచన రాశాను: ఒక రోజులో ఎన్ని జవాబులు శ్రద్ధగా చదవగలరో అన్నే బయట పెట్టండి.