రెండు మొనలు ఒకేచోట

ఆ కార్ఖానాలో ఆమెను అందరూ సున్నా పిన్ని అంటారు. పాతికేళ్లుగా ఆంప్లిఫయర్లను పరీక్షించే బల్ల దగ్గరే కూర్చుంటోంది. ఏ మీటరు చేతికిచ్చినా ముందు దాని తీగల రెండు మొనలనూ ఒకేచోట ఆనిస్తుంది. సున్నా చూపిస్తోందో లేదో చూసుకుంటుంది. ఒక్క క్షణం దేవుణ్ణి తలచుకుని, అప్పుడు గానీ పని మొదలుపెట్టదు.

"పిన్నీ, సున్నాకి కూడా దండం పెట్టే మనిషివి నువ్వొక్కదానివే" అని కుర్రకారు ఆటపట్టిస్తే, "మీ మార్కులు చూసి అలవాటైందిరా" అనేది.

ఆమె ఎదురు బల్ల టంకం అన్నయ్యది. ముప్పై ఏళ్లుగా బోర్డుల మీద టంకం వేస్తున్న మనిషి. పొగ ఆమె ముఖానికి కొట్టకుండా పొద్దున్నే తన ఫ్యాను ఓరగా తిప్పుకుని కూర్చుంటాడు. మధ్యాహ్నానికి ఆమె క్యారియరు బోర్డులు ఆరబెట్టే పెట్టె మీద వెచ్చగా ఉంటుంది. ఎవరు పెడుతున్నారని ఆమె అడగలేదు, ఆయన చెప్పలేదు.

అలాంటి మనిషిని సోమవారం నాడు సారు పదిమందిలో నిలబెట్టి కడిగేశాడు.

సారంటే పరీక్షల విభాగానికి కొత్తగా వచ్చిన ఆఫీసరు. ఆయన చేతిలో కొత్త మీటరు, దానికి బారెడు తీగలు. స్పీకరుకు వెళ్లే కరెంటు ఎంతో తెలియాలంటే, ఆ దారిలో ఉన్న చిటికెనవేలి గోరంత రెసిస్టరు రెండు కాళ్ల మధ్య కొలుస్తారు. ఎనిమిది ఆంపియర్లు రావలసిన చోట సారు మీటరు పది చూపించింది. ఒకటి కాదు, పద్దెనిమిది ఆంప్లిఫయర్లదీ అదే వరస. రెసిస్టరు కాళ్లకు టంకం సరిగా పట్టకపోతే లెక్క ఇలా పెరగవచ్చు. సారుకు ఆ కారణమే చాలింది.

"మీకు చూపు మందగించింది పెద్దాయనా. రేపట్నించి అట్టపెట్టెలు కట్టేచోటికి వెళ్లండి" అన్నాడు.

పనికిరావని సారు ఎర్ర కాగితాలు అంటించిన పద్దెనిమిదింటినీ టంకం అన్నయ్య తన బల్ల మీదికి మోసుకుని, భూతద్దం పెట్టుకుని, బాగున్న అతుకులనే కరిగించి మళ్లీ వేశాడు. మళ్లీ పదే.

"నిజమేనేమో చెల్లెమ్మా" అన్నాడు సాయంత్రం ఆమెతో. "మీ వదినకి సూదిలో దారం ఎక్కించిచ్చేది నేనే. నిన్న రెండుసార్లు తప్పింది."

ఆమెకు ఒళ్లు మండింది. తప్పు చేయని మనిషి నోటితోనే తప్పు ఒప్పించారే అని ఇంటికి వెళ్లే దారి పొడుగునా పళ్లు నూరుకుంది.

మర్నాడు ఆయన పనిముట్లు గుడ్డలో చుట్టుకుంటుంటే చూడలేక, నేరుగా సారు దగ్గరికి నడిచింది.

"మీ మీటరు సున్నా చూపిస్తుందేమో చూద్దాం సార్."

"అది మొన్ననే వచ్చిందమ్మా. బాగుందని కాగితం కూడా ఇచ్చారు."

"నేను అడుగుతోంది కాగితాన్ని కాదు సార్, మీటరుని."

చుట్టూ పనులు ఆగిపోయాయి. సారు నవ్వి, "సరే, మీ ముచ్చట తీర్చుకోండి" అని ఆంప్లిఫయర్ ఆన్ చేశాడు. ఆమె రెండు మొనలనూ రెసిస్టరు ఒకే కాలికి ఆనించింది. అక్కడ కొలవడానికి ఏమీ లేదు. అయినా మీటరు ఆరు ఆంపియర్లు చూపించింది.

సారు నవ్వు ఆగింది.

"ఈ రకం ఆంప్లిఫయర్ లోపల కరెంటు సెకనుకి నాలుగు లక్షలసార్లు ఆగి మొదలవుతుంది సార్. ఆ రొదను ఇదిగో, ఈ తీగచుట్ట అణచి, పాటను మాత్రం స్పీకరుకి పంపుతుంది. మీ బారెడు తీగలు దీని పక్కనే ఉచ్చులా వేలాడుతున్నాయి. రొదంతా అవే తాగుతున్నాయి."

"పదిలో ఆరు పోతే నాలుగేగా? మీ ఎనిమిది ఎక్కణ్ణించి వస్తుంది?"

"గదిలో ఇద్దరు కలిసి మాట్లాడితే చప్పుడు రెట్టింపవుతుందా సార్? ఇవీ అలా కూడుకోవు. రొద తీసేసి చూడండి. అన్నయ్యా, ఇలా రా."

జానెడు తీగలు రెండు తీసుకుని జడలా పెనవేసి ఆయన చేతికిచ్చింది. ఆయన పక్కబల్ల మీది టంకపు కడ్డీతో రెండు కొసలూ ఒకే కాలికి అతికితే మీటరు సున్నా చూపించింది. ఒక కొసను విప్పి రెండో కాలికి అతికితే ఎనిమిది. ఆయనకు భూతద్దం అవసరమే పడలేదు, అది ఆయన బల్ల మీదే ఉండిపోయింది.

"సరే, రిపోర్టు మార్చేస్తాను" అని సారు వెనక్కి తిరిగాడు.

"మాట మాత్రం పదిమందిలో అన్నారు సార్" అంది ఆమె. "అన్నీ కొలుస్తాను. ఎర్ర కాగితాలు మీ చేత్తోనే పీకండి, ఆయన బల్ల దగ్గర నిలబడి."

సారు పీకాడు. మూడోది పీకాక, "నేను సరిగా చూసుకోలేదు పెద్దాయనా. మీ అతుకుల్లో తప్పు లేదు" అన్నాడు, అందరికీ వినబడేలా.

పదిహేడోదానికీ మీటరు ఎనిమిదే చూపించింది. సారు కాగితం మీద చెయ్యి వేయబోతుంటే టంకం అన్నయ్య ఆపాడు.

"అది పంపకండి బాబూ. కాలి పక్కన బోర్డు మీది రాగిరేకు లేచి పగిలింది. నిన్న కంగారులో రెండోసారి కాల్చాను."

సారు భూతద్దం తీసుకుని చాలాసేపు వెతికాడు. వెంట్రుకంత పగులు. ఆఖరికి కనిపించింది.

"కళ్లు పోయిన మనిషికి కనబడింది సార్" అంది ఆమె. "కారణం రాయాలిగా మరి. ఆ కాగితం మీద ఎవరి తప్పని రాస్తారు?"

సారు కలం తీశాడు గానీ, రాయలేదు. టంకం అన్నయ్య తన స్టూలు ఆయన వైపు జరిపాడు. "కూర్చోండి బాబూ, చాలాసేపట్నించి నిలబడ్డారు."

"ఆయనకి స్టూలు ఎందుకన్నయ్యా" అని ఆమె గొణిగింది. కోపం ఇంకా తగ్గలేదు. పద్దెనిమిదోది లాక్కుని, రెండు కొసలూ ఒకేచోట ఆనించింది.

ఎదురుగా టంకం అన్నయ్య గుడ్డమూట విప్పుతూ, ఫ్యానును ఓరగా తిప్పుకున్నాడు.