అందుకోని కొస

శ్రీకాకుళంలో బలగ అనే పేటలో ఉండే గున్నమ్మ చేతిలో క్రోషా సూది పడితే ఊలుదారం ఆమె మాట వినేది. మనుషుల మాట వినడం మాత్రం ఆమెకు చేతకాలేదు. అత్తగారి పెద్దకర్మనాడు, పెద్దకోడలినైన తనను కాదని తొలి విస్తరి వడ్డించిందన్న కోపంతో, తోడికోడలు నీలవేణితో ఏడేళ్లు పలకలేదు.

రెండువేల పదహారు రథసప్తమికి ముందు డ్రాయింగు టీచరు యమున ఒక సంకల్పం చేసింది. ఆదిత్యుని దర్శనానికి అరసవల్లి వెళ్లే యాత్రికుల కోసం ఏటి మీది పాత వంతెన కమ్మీలకు ఊలు తొడుగు వేయాలి. నలభైమంది స్త్రీలు తలా ఒక మూర అల్లాలి. ఒకరు ముడి వేయక వదిలిన కొసను పక్కవారు అందుకుని తమ అల్లికలో కలుపుకోవాలి. ఎన్ని చేతులు పడినా వస్త్రం ఒక్కటే కావాలి.

చీటీలు తీస్తే గున్నమ్మకు నీలవేణి పక్కనే చోటు వచ్చింది.

అల్లికలు కలిపే నాడు వంతెన మీద నీలవేణి పసుపు దారం చాచి నిలబడింది.

“అక్కా, ఇదిగో కొస. అందుకో. ఎండ మండిపోతన్నాది.”

నడినెత్తిన కర్మసాక్షి చూస్తుండగా గున్నమ్మ మొహం తిప్పుకుని, యమునతో అంది: “నాది రెండేపులా ముడెట్టీసినాను టీచరమ్మా. ఇంకేటీ కలపను.”

“ఓలమ్మ! ఈలిద్దరూ ఏరు దాటాలంటే రెండు వంతెన్లు కట్టాల!” అని అల్లికకు వచ్చిన కూర్మమ్మ అనగానే అందరూ నవ్వారు. నీలవేణి కూడా నవ్వింది. కానీ ముడి వేయలేదు. అల్లిక విడిపోకుండా చివరి మెలికను పిన్నీసుతో ఆపి, “ఉండనీ. బుద్ధి పుడితే అక్కే అందుకుంటాది” అంది.

అందుకోవాలని గున్నమ్మకు ఆ సాయంకాలమే అనిపించింది. వెళితే ఓడినట్టవుతుందని ఆగింది. రథసప్తమి జనసమ్మర్దంలో పిన్నీసు ఎప్పుడు రాలిందో, ఏటిగాలి ఆ దారాన్ని ఎంతసేపు లాగిందో! పదోనాడు ఆమె వెళ్లేసరికి రంగుల నడుమ మూరెడు ఇనుము బోసిగా ఉంది. పసుపు దారమంతా చిక్కుపడి వేలాడుతోంది. గున్నమ్మ అల్లిక మాత్రం బిగించిన ముడులతో చెక్కుచెదరలేదు. దానిని చూసి ఆమె సిగ్గుపడింది.

ఆ దారాన్ని ఉండలా చుట్టుకుని తోడికోడలి ఇంటికి నడిచింది. మూడు రోజుల కిందటే నీలవేణికి పక్షవాతం వచ్చి కుడిచేయి పడిపోయిందని గుమ్మంలో తెలిసింది. అయినా నమ్మలేనట్టు గున్నమ్మ మంచం దగ్గరికి వెళ్లింది.

“ఒసే, నీ కొస అట్టుకొచ్చినానే. మళ్లీ అల్లు. ఈపాలి నానే కలుపుతాను.”

“ఏటల్లనక్కా? సెయ్యి నా మాట ఇనటం లేదు.”

గున్నమ్మ ఆ అరచేతిలో ఉండ పెట్టి, వేళ్లను ఒక్కొక్కటిగా మూసింది. తన చేయి తీయగానే అవి విడిపోయాయి. ఉండ మంచం దిగి, దారం విడుస్తూ, గుమ్మం దాకా దొర్లింది.