మాకు వద్దు, పో

చలికాలం పొద్దున మంచిర్యాలలో మా వీధిలోకి దుప్పట్లమ్మేవాడు వస్తే ఇప్పటికీ చేతిలో పని ఆపేస్తాను. కొనడానికి కాదు. మా నాన్న గొంతు, బాపు గొంతు, వినిపిస్తుందేమోనని. బాపు పోయి చాలా ఏళ్లైంది, అయినా చెవికి ఆ ఆశ పోలేదు.

మా బాపుకి పగటిపూట తలుపు కొట్టేవాళ్లంటే ఒళ్లుమంట. శ్రీరాంపూర్ బొగ్గుగనిలో రాత్రి షిఫ్టు చేసి, పొద్దున వచ్చి పడుకునేవాడు. సరిగ్గా అప్పుడే దుప్పట్లవాళ్లు క్వార్టర్ల వెంట తిరిగేవారు. "మాకు వద్దు, పో" అని మంచం మీది నుంచే కేకేసేవాడు. ఆ గుణం నాకూ వచ్చింది. షార్జాలో నర్సుగా చేరాక నావీ రాత్రి డ్యూటీలే మరి.

అక్కడ ఒకరోజు మంచి నిద్రలో ఉండగా బెల్లు మోగింది. ఒకసారి కాదు, నాలుగుసార్లు. నాతో ఉండే ఇద్దరమ్మాయిలూ డ్యూటీకి పోయారు. తలుపు తీస్తే టై కట్టుకున్న మనిషి, పక్కన మేకపిల్లంత మిషను. తివాచీలు శుభ్రం చేస్తుందట. హిందీలో ఊపిరి తీయకుండా చెప్పుకుపోతున్నాడు.

"ఏం పరేషానో ఏమో, జర నిద్రవోనియ్యరు" అని తెలుగులో గొణుక్కున్నాను.

అతని ముఖం వెలిగిపోయింది. "మనోళ్లేనా అక్కా! మాది భైంసా దిక్కు. ఇగ నన్ను వాపస్ పంపలేరు."

"మా ఇంట్ల తివాచీనే లేదు."

"లేకుంటేంది? పరుపుంటది గదా!"

తలుపు బార్లా తెరిచి నేను గడపలోనే నిలబడ్డాను. అతను నా పరుపు మీద మిషను నడిపి, సంచి విప్పి, గుప్పెడు దుమ్ము కాగితం మీద పోశాడు. "ఇగో సూడుండ్రి, మీరు పండేది దీనిమీదనే." ఆసుపత్రిలో అందరికీ శుభ్రత గురించి చెప్పే నర్సును నేను! సిగ్గుతో చచ్చిపోయాను. వద్దని తలుపేసుకున్నాను.

మరుసటి వారం మళ్లీ వచ్చాడు. "మూడుసార్లు వద్దంటేనే వద్దన్నట్టు. మీరు ఒక్కసారే అన్నరు" అన్నాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ నోటితో అతను ఏ ఊళ్లోనైనా బతికేస్తాడనిపించింది. మూడోసారి వచ్చినప్పుడు కొనేశాను. తివాచీ లేని ఇంట్లో తివాచీ మిషనా అని నా తోటివాళ్లు నెలరోజులు నవ్వారు.

అమ్మాక ఇక రాడనుకున్నాను. మిషను మంచిగ నడుస్తుందా అని అడగడానికి వచ్చాడు. తర్వాత ఏదో బ్రష్షు ఇవ్వడానికి వచ్చాడు. ఈ రాకపోకల్లో "అక్కా" అనడం ఎప్పుడు మానేశాడో నేను గమనించలేదు, నాతో ఉండే అమ్మాయిలు గమనించారు. ఒక శుక్రవారం టై లేకుండా, ఉత్త చేతులతో వచ్చాడు. అందరం కలిసి జొన్నరొట్టెలు తింటున్నాం. అతనికీ పెట్టాను. తింటున్నంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు. అతను నోరు మూసుకోగా చూడటం అదే మొదలు. అతనంటే నాకు ఇష్టమని ఆ పూటే తెలిసింది.

కానీ మేం చర్చికి పోయేవాళ్లం. బాపు సంఘంలో పెద్దమనిషి. అతనివాళ్లు పత్తి రైతులు, ఇంట్లో పూజకు దేవుడి అర్ర ఉన్నవాళ్లు. "బాపు ఒప్పుకోకుంటే పెళ్లి లేదు" అని ముందే చెప్పేశాను. బాపును కాదని బతకడం నా వల్ల కాదు.

ఆ చలికాలం అతను సెలవు మీద ఊరికి బయల్దేరాడు. మా దిక్కు ఒక పద్ధతుంది. గల్ఫు నుంచి ఎవరు ఇంటికి పోయినా అందరి మూటలూ మోసుకుపోవాలి, ఇంటింటికీ తిరిగి ఇచ్చి రావాలి. బాపు కోసం మందపాటి దుప్పటి కొని, గుడ్డలో కుట్టి, పైన పెద్ద అక్షరాలతో బాపు పేరు రాసి ఇచ్చాను. బాపుకు ముందే ఫోన్ చేస్తానన్నాను.

"వద్దు. తలుపు తెరిపిచ్చుడు నా పని. దుప్పటిచ్చి, కూసోని, అంతా మాట్లాడొస్త" అన్నాడు ధీమాగా.

చలికాలం, పట్టపగలు, భుజాన దుప్పటి మూటతో శ్రీరాంపూర్ క్వార్టరు తలుపు కొడితే ఏమవుతుందో నాకైనా తట్టలేదు.

సెలవు అయిపోయి తిరిగొచ్చి తల వంచుకుని చెప్పాడు. "దుప్పటి" అన్న మాట వరకే అన్నాడట. లోపలి నుంచి "మాకు వద్దు, పో" అని కేక. మూట గడప దగ్గర పెట్టి వచ్చేశాడు.

నాకు మండిపోయింది. "మూడుసార్లంటివి గదా! గంత నోరున్నోనివి, ఒక్క మాటకే తిరిగొస్తవా?"

"మిషనైతే ఎన్నిసార్లన్న అడుగుత. నిన్ను గట్ల అడగబుద్ధి కాలే."

ఆ మాటకు ఏడ్చేశాను. ఇక అడగాల్సింది నేనే. బాపు అంతకుముందే ఫోన్లో "దుప్పటి ముట్టింది బిడ్డా, మంచిగున్నది" అన్నాడు తప్ప, ఎవరు తెచ్చారని అడగలేదు. నేనూ చెప్పలేదు. ఆ శుక్రవారం ఫోన్ చేశాను.

"బాపూ... ఆ దుప్పటి తెచ్చినాయన..." అన్నాను.

అటువైపు బాపు దగ్గాడు. "నువ్వెప్పుడు చెప్తవా అని సూస్తున్న. దుప్పట్లమ్మెటోడు దుప్పటి ఇడిసిపెట్టి పోతడా బిడ్డా? మూట మీద పేరు సూసి సడక్ దాక ఉరికిన. అప్పటికే బస్సెక్కిండు."

అతని సంగతి, వాళ్ల ఇంటి సంగతి అంతా ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"మళ్ల రమ్మను. మిగిలింది కూసోని మాట్లాడుకుందాం" అన్నాడు. ఫోన్ పెట్టేసే ముందు, "పగటిపూటనే రమ్మను. నేను నిద్రవోను" అన్నాడు.